పక్షవాతం పూర్వకర్మ కాదు

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మన తెలుగువాళ్లకు పక్షవాతం వస్తే, డాక్టరు మాట కంటే ముందు వినబడేది "పూర్వజన్మ కర్మ" అన్న మాట. ఈ మాటను మేము ఖండిస్తున్నాం. ఓదార్పులా వినిపిస్తుంది గానీ, రోగిని మంచానికి కట్టేసేది అదే.

ప్రతి బాధకూ పూర్వకర్మే కారణమా అని శివకుడనే పరివ్రాజకుడు అడిగితే, బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు వంటి కారణాలు చెప్పాడు. బాబాసాహెబ్ కూడా గతజన్మ కర్మవాదాన్ని ఒప్పుకోలేదు.

మెదడులో దెబ్బతిని చచ్చిన భాగం తిరిగి రాదు, నిజమే. కానీ మిగిలిన కణాలు కొత్త సంబంధాలు అల్లుకుని, పోయిన పనిలో కొంత నేర్చుకుంటాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో వచ్చిన మన పెద్దలకు వర్క్‌షాపు పని చేతికొచ్చింది సాధనతోనే. పడిపోయిన చెయ్యి లేచేదీ సాధనతోనే. ఎడ్వర్డ్ టాబ్ పద్ధతిలో బాగున్న చేతికి తొడుగు వేసి, కాస్త కదలిక మిగిలిన చేతితోనే గంటల తరబడి పని చేయిస్తారు. అమెరికాలో 222 మందిపై జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో ఆ చేతి పనితీరు మెరుగుపడింది, ఏడాది తర్వాతా నిలిచింది.

కోలుకోవడం ఎక్కువగా జరిగేది మొదటి మూడు నెలల్లోనే. ఆ నెలలను తాయెత్తులకూ శాంతిపూజలకూ ధారపోయడం అజ్ఞానం. కూలి పోతుందని కాంట్రాక్టు కార్మికుడి ఇంటివాళ్లు అతణ్ణి ఫిజియోథెరపీకి తీసుకెళ్లలేకపోవడం అన్యాయం. మొదటిదాన్ని మన ఇళ్లలోనే మానుకుందాం. రెండోదానిపై యూనియన్లను నిలదీద్దాం.