ఊపిరి ఆగినవాడికి నీతిబోధ

పాము మంత్రానికి పేరు తెచ్చేది విషం లేని పాములే. కరిచింది విషప్పామైతే మంత్రగాడి గుమ్మం దగ్గరే పుణ్యకాలం గడిచిపోతుంది. బతికినవాడు ఊరంతా చెబుతాడు, చచ్చినవాడు చెప్పలేడు.

ఉత్తర అమెరికా నగరాల్లోనూ ఇలాంటి మంత్రాలున్నాయి. హెరాయినో ఫెంటనిలో మోతాదు మించి పడిపోతే ముఖాన చన్నీళ్లు కొడతారు, చెంపలు వాయిస్తారు, బట్టల్లో ఐసు ముక్కలు వేస్తారు. ఉప్పునీళ్లో పాలో నరానికి ఎక్కించేవాళ్లూ ఉన్నారు. ఎలాగూ లేచేవాడు లేస్తాడు, ఖ్యాతి ఐసుకు దక్కుతుంది.

ఈ జాతి మత్తుమందులు, అంటే ఓపియాయిడ్లు, చంపేది ఊపిరి ఆపి. కనుపాప సూదిమొనంత అవుతుంది, పెదవులు నీలం తిరుగుతాయి, గొంతులో గరగర మొదలవుతుంది. దాన్ని గురక అనుకుని ‘పడుకోనీ’ అని వదిలేస్తారు. మెదడుకు మిగిలేవి కొన్ని నిమిషాలే. విరుగుడు మందు నలోక్సోన్ ముక్కులో కొడితే సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. ఓపియాయిడ్ తీసుకోనివాడికి పొరపాటున ఇచ్చినా నష్టం లేదు.

చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం వేరు: ‘కాపాడితే వాళ్లకు అలుసైపోతుంది’. వాంకూవర్‌లోని ఈస్ట్ హేస్టింగ్స్ వీధిలో 2003లో ఇన్‌సైట్ తెరిచారు. తెచ్చుకున్న మత్తును నర్సుల కళ్లెదుట ఎక్కించుకునే చోటు అది. కెనడా కేంద్ర ప్రభుత్వం దాన్ని మూయించాలని చూస్తే, 2011లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఒక్కమాటగా అడ్డుపడ్డారు. తెరవకముందు, తెరిచాక లెక్కలు పోల్చిన అధ్యయనాన్ని అదే ఏడాది వైద్య పత్రిక లాన్సెట్ అచ్చువేసింది. ఆ కేంద్రానికి 500 మీటర్ల లోపల మోతాదు మించిన మరణాలు 35 శాతం తగ్గాయి, మిగతా నగరంలో 9.3 శాతమే. అలుసు సిద్ధాంతానికి ఇలాంటి లెక్క ఉంటే చూపించమనండి.

‘మరి 2016లో ఈ మరణాల మీద అక్కడే అత్యవసర పరిస్థితి ఎందుకు ప్రకటించారు?’ అడగాల్సిన ప్రశ్నే. సరుకులోకి ఫెంటనిల్ వచ్చింది. చచ్చిపోయేవాళ్లు ఎక్కువగా పోతున్నది ఇన్‌సైట్‌లో కాదు, ఇళ్లలో, తలుపులు వేసుకుని, ఒంటరిగా. ఆ గడియ పెట్టించేది సిగ్గు. సిగ్గును నూరిపోసేది మన నీతిబోధే.

పోలీసులకూ ఒక దయ్యం ఉంది: ఫెంటనిల్ పొడి తగిలితే చాలు చస్తామని. తగిలిందని కుప్పకూలిన అధికారుల వీడియోలు అమెరికాలో ఊరూవాడా తిరిగాయి. అక్కడి విషవైద్య నిపుణుల సంఘాలు 2017లోనే లెక్క కట్టాయి: రెండు అరచేతులూ ఫెంటనిల్ పట్టీలతో కప్పేసినా 100 మైక్రోగ్రాములు ఒంట్లో చేరడానికి 14 నిమిషాలు కావాలి. ఇక ఒంటికి అంటిన పొడి ఏపాటిది? పైగా అలా పడిపోయేవాళ్లు చెప్పేవి గుండెదడ, ఎగశ్వాస. ఓపియాయిడ్ చేసేది దానికి సరిగ్గా తలకిందులు! భయం చేసిన పనిని మందు ఖాతాలో రాశారు. నవ్వి వదిలేద్దామంటే, ఆ భయంతోనే పడిపోయినవాణ్ణి ముట్టుకోవడానికి జంకుతారు.

ఫోన్ చేస్తే కేసు పెడతారన్న భయం మాత్రం వట్టిది కాదు. అందుకే కెనడా 2017లో చట్టం తెచ్చింది: అంబులెన్సును పిలిచినవాళ్ల మీద, దగ్గర మత్తుమందు ఉంచుకున్నారన్న కేసు పెట్టరు.

వాంకూవర్‌లోనో టొరంటోలోనో చదువుతున్న మన పిల్లలకు ఈ మాట చెప్పండి. అక్కడి మందుల షాపుల్లో నలోక్సోన్ కిట్ ఉచితంగా ఇస్తారు, ఒకటి దగ్గర ఉంచుకోవాలి. అది పనిచేసేది 30 నుంచి 90 నిమిషాలే, ఆ తర్వాత ఊపిరి మళ్లీ ఆగవచ్చు. కాబట్టి మనిషి లేచి కూర్చున్నా సరే, అంబులెన్సు కోసం 911కి ఫోన్ చేయాల్సిందే.