అట్ట మీద అతిథి పేరు

పోలండ్‌లో ఒక ముగ్గురున్నారు. పియానో మీద మార్చిన్ వసిలెవ్‌స్కీ, బేస్ మీద స్వావొమిర్ కుర్కేవిచ్, డ్రమ్స్ మీద మిహావ్ మిష్కేవిచ్. మీసాలు రాని వయసు నుంచీ కలిసి వాయిస్తున్నారు. ఒకరు ఎటు తిరుగుతారో మిగతా ఇద్దరికీ ముందే తెలిసిపోయేంత చనువు. అలాంటి బృందంలోకి నాలుగోవాణ్ణి పిలవాలంటే గుండె ధైర్యం కావాలి. వాళ్ళు పిలిచారు. 2014లో వచ్చిన ‘స్పార్క్ ఆఫ్ లైఫ్’ ఆల్బమ్‌కి స్వీడన్ శాక్సఫోన్ కళాకారుడు యోకిమ్ మిల్డర్ వచ్చాడు. 2020లో వచ్చిన ‘ఆర్క్‌టిక్ రిఫ్’కి అమెరికా నుంచి జో లొవానో వచ్చాడు.

రెండూ ఈ మధ్య పక్కపక్కనే పెట్టుకుని విన్నాను. మిల్డర్ పద్ధతి నెమ్మది. కొన్ని పాటల్లోనే వస్తాడు, మిగతా చోట్ల ఆ ముగ్గురినీ వాళ్ళ మానాన వదిలేస్తాడు. లొవానో అలా కాదు. ఆయన టెనర్ శాక్సఫోన్ గొంతు పెద్దది, బొంగురుది, వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని కూర్చునే రకం. ఆ ఆల్బమ్‌లో కార్లా బ్లే స్వరపరచిన ‘వాష్కర్’ రెండుసార్లు ఉంటుంది. ఒకే వరుసని ఒకే ఆల్బమ్‌లో రెండుసార్లు ఎందుకు పెట్టారా అనుకుంటాం. రెండూ విన్నాక అర్థమవుతుంది. కొత్త మనిషి చేరినప్పుడు పాత వరుస కూడా ఒక్క తీరున నిలబడదు.

ఈ రెండు ఆల్బమ్‌ల అట్టల మీదా ఆ ముగ్గురి బృందం పేరు పక్కనే అతిథి పేరు కూడా అచ్చయి ఉంది. లోపలి కాగితం మీద ఎవరు ఏ వాద్యం వాయించారో, ఏ వరుస ఎవరిదో, ఎక్కడ రికార్డు చేశారో, శబ్దం సరిచూసింది ఎవరో వివరంగా రాశారు. మన్‌ఫ్రెడ్ ఐకర్ 1969లో మ్యూనిక్‌లో మొదలుపెట్టిన ఈసీఎం కంపెనీ ఇలాంటి అలవాట్లకు పెట్టింది పేరు. ఈ వారం నా గోలంతా ఆ చిన్న అక్షరాల గురించే.

ఈ సంప్రదాయంలో మన దక్షిణాదికీ వాటా ఉంది. చార్లీ మరియానో బోస్టన్‌లో పుట్టి జర్మనీలో స్థిరపడిన శాక్సఫోన్ విద్వాంసుడు. నాగస్వరం విని మనసు పారేసుకుని, దక్షిణ భారతానికి వచ్చి నేర్చుకుని, ఐరోపాలో తన రికార్డుల్లో వాయించాడు. 1983లో ఈసీఎం విడుదల చేసిన ఆయన ‘జ్యోతి’ అట్ట మీద ఆయనతో పాటు బెంగళూరుకు చెందిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ పేరు కూడా ఉంది. పాడిన ఆర్.ఎ. రమామణి, మృదంగం వాయించిన టి.ఎ.ఎస్. మణి, ఘటం, కంజీర వాయించినవాళ్ళు, అందరి పేర్లూ ఉన్నాయి. 1992లో నార్వే శాక్సఫోన్ కళాకారుడు యాన్ గార్బరెక్, పాకిస్తాన్ గాయకుడు ఉస్తాద్ ఫతే అలీ ఖాన్ కలిసి చేసిన ‘రాగాస్ అండ్ సాగాస్’ అట్ట మీదా ఇద్దరి పేర్లూ సమానంగానే ఉన్నాయి. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఘటం మీద ఆ చెయ్యి ఎవరిదని మనం అడగగలుగుతున్నామంటే, జవాబు దొరుకుతోందంటే, అప్పుడెవరో ఒక గుమాస్తా ఆ పేరు సరిగ్గా రాసి ఉంచినందువల్లే.

ఇక ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కి వద్దాం. నాగస్వరానికి అక్కడొక చుట్టముంది. మోహరి అంటారు. చెక్క గొట్టం, దానికి వేళ్ళ రంధ్రాలు, కింద విచ్చుకున్న లోహపు మూతి, పైన పెదాల మధ్య ఇమిడే ఆకు పీక. పీక తడిసి మెత్తబడేదాకా నోట్లో నానబెట్టుకుని, రెండు మూడు కూతలు కూయించి, అది మాట వింటోందని నమ్మకం కుదిరాకే అసలు వాయింపు. బెల్జియం వాడైన అడాల్ఫ్ శాక్స్ 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న శాక్సఫోన్‌దీ ఇదే లెక్క. పైన సన్నగా మొదలై కిందికి వెడల్పయ్యే గొట్టం, పెదాల కింద వణికే పీక. కాకపోతే దాని పీక ఒంటి రెల్లు చెక్క, మోహరిది జంట పీక. నగారా, తుడ్‌బుడీ డోళ్ళతో కలిసి మోహరి మోగితే జాతర మొత్తం అటు తిరుగుతుంది. అక్కడ ఒక్కో దేవతకు ఒక్కో వరుస ఉంది. ఆ వరుస ఎత్తుకుంటేనే పూనకం పట్టే సిరహా ఒంటి మీదికి ఆ దేవత వస్తుందని నమ్మకం. అంటే మోహరి పట్టినవాడికి వరుసలే కాదు, దేవతలందరి స్వభావాలూ తెలిసి ఉండాలి.

ఆ మోహరి పట్టేది ఎక్కువగా గాండా కులస్థులు. ఛత్తీస్‌గఢ్‌లో వాళ్ళు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నారు. మగ్గం నేయడం, మేళం వాయించడం వాళ్ళ తరతరాల వృత్తులు. వాళ్ళ వాద్యం లేకుండా దేవత కదలదు, వాళ్ళను మాత్రం ఊరు దూరంగానే ఉంచింది. మన సన్నాయి మేళాల చరిత్ర కూడా ఇంతకన్నా గొప్పగా లేదు కాబట్టి బస్తర్‌ని వేలెత్తి చూపే అర్హత మనకు లేదు. మన పెళ్ళి పత్రికల్లో ముద్దు ముద్దు మాటలతో ఆహ్వానించే మనవల పేర్లు కూడా ఉంటాయి. తాళి కట్టే వేళకు గట్టిమేళం వాయించే మనిషి పేరు ఏ పత్రికలోనైనా చూశామా?

ఐరోపా బస్తర్‌ని వినలేదని కాదు. బొహీమియాలో పుట్టి, నాజీల కాలంలో బొంబాయి చేరి, ఆకాశవాణికి ఆ తెల్లవారుజాము సంకేత స్వరం కట్టిన వాల్టర్ కౌఫ్‌మన్, కొండ మారియా, మురియా తెగల పాటలకు స్వరలిపి రాసి, 1960 ప్రాంతంలో వాళ్ళ పాటల మీదా వాద్యాల మీదా విడివిడిగా వ్యాసాలు ప్రచురించాడు. స్వీడన్ దర్శకుడు ఆర్నె సుక్స్‌డోర్ఫ్ నారాయణపూర్ పక్కన గఢ్ బెంగాల్ అనే మురియా ఊళ్ళో సినిమా తీసి 1957లో విడుదల చేశాడు. ఇంగ్లీషులో దాని పేరు ‘ద ఫ్లూట్ అండ్ ద ఆరో’. పేరులోనే పిల్లనగ్రోవి ఉంది. సంగీతం మాత్రం పండిట్ రవిశంకర్‌ది. అందులో పులిపిల్లతో ఆడుకున్న చెంద్రూ అనే కుర్రాడి పేరు ఐరోపా అంతా మోగింది. అతను స్వీడన్ వెళ్ళొచ్చి, మళ్ళీ అదే ఊళ్ళో పేదరికంలో బతికి, 2013లో పోయాడు. అదే గఢ్ బెంగాల్‌లో సులూర్ అనే వెదురు వేణువు చేసే పండీరామ్ మండావికి 2025లో పద్మశ్రీ వచ్చింది. ఆ వేణువును నోటితో ఊదనక్కర్లేదు, చేత్తో గాలిలో తిప్పితే చాలు, పలుకుతుంది. ఆ ఊరి వెదురు పాటకు పనివాడి పేరు తోడవడానికి ఆ సినిమా తర్వాత అరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఆదివాసీ సంగీతం ఊరందరిదీ, ఒక్కడి పేరు పెట్టడం పడమటి పోకడ కాదా అని. మాట వినడానికి పెద్దమనిషి తరహాలో ఉంటుంది గానీ బస్తర్ దసరా చూస్తే నిలవదు. ఓరుగల్లు నుంచి వెళ్ళిన కాకతీయ అన్నమదేవుడి వంశం పోషణలో పెరిగిన ఆ పండుగ జగదల్‌పూర్‌లో 75 రోజులు సాగుతుంది. అందులో ప్రతి పనికీ పేరు పెట్టిన హక్కుదారులున్నారు. రథం చెక్కి బిగించేది బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ళవాళ్ళు. దంతేశ్వరి అమ్మవారి ముందు ముండా బాజా వాయించేది పోటానార్ ముండాలు. వాళ్ళ పని ఇంకొకరు చేస్తానంటే ఊరుకోరు. అంటే ఎవరు ఏం చేశారో చెప్పుకోవడం బస్తర్‌కి ఐరోపా నేర్పిన విద్యేమీ కాదు. అక్కడ తరతరాలుగా ఉన్న పద్ధతే. ఆ సంగీతం రికార్డింగు గదిలోకి, మన సినిమాల్లోకి, మన నగరాల వేదికల మీదికి వచ్చేసరికి మాత్రం ‘బస్తర్ జానపద కళాకారులు’ అని ఒక్క ముక్కతో సరిపెడుతున్నాం.

దీని వల్ల పోయేది మర్యాద ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాను. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చదవండి. ప్రదర్శన ఇచ్చిన కళాకారుడికి, అది తనదేనని గుర్తింపు కోరే హక్కును 38బి సెక్షన్ ఇచ్చింది. ఆ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలని 38ఎ చెబుతోంది. వినడానికి బాగుంది. కానీ అదే చట్టంలో కళాకారుడంటే ఎవరో చెప్పే చోట ఒక మెలిక ఉంది. సినిమాలో ఎవరి ప్రదర్శన అయినా అప్రధానమైనదై, పరిశ్రమ వాడుక ప్రకారం పేర్ల జాబితాతో సహా ఎక్కడా ప్రస్తావనకు రాకపోతే, ఆ మనిషి దాదాపుగా కళాకారుడి కిందే లెక్కకు రాడు. తన ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుపడే హక్కు ఒక్కటే మిగులుతుంది. పాట మధ్యలో ఇరవై సెకన్ల మోహరి వాయించి, కవరు పుచ్చుకుని బస్సెక్కి వెళ్ళిపోయినవాణ్ణి ‘అప్రధానం’ అనేయడం ఎంత సులువో ఆలోచించండి. ఆ ఇరవై సెకన్ల కోసమే కదా అంత దూరం నుంచి పిలిపించింది!

పేరు వేస్తే ఏమవుతుందో మన దగ్గరే ఉదాహరణ ఉంది. 2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో వినిపించిన గొంతు దర్శనం మొగిలయ్యదని అందరికీ తెలిసింది. ఆయన వాయించే పన్నెండు మెట్ల కిన్నెర అంటే ఏమిటో ఒక తరం కుర్రకారు వెతుక్కుని మరీ చూశారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది అదే గౌరవం అందుకున్న కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య, అలాంటి పాట ఏదీ తోడు లేక, ఆ సన్మానం నాటికి గానీ మనలో చాలామందికి తెలియలేదు. అయితే మొగిలయ్య కూలి పనికి వెళ్తున్నాడని 2024లో వార్తలు కూడా చూశాం. పేరు ఒక్కటే అన్నం పెట్టదు. పేరుతో పాటు రాతపూర్వకమైన ఒప్పందం, అందులో రాయల్టీ మాట ఉండాలి. కానీ పేరే లేనివాడు ఒప్పందం మీద సంతకం ఎక్కడ పెడతాడు?

బస్తర్ లోపలి నుంచీ ప్రయత్నాలు జరుగుతున్నాయి. హబీబ్ తన్వీర్ నాటక బృందం నుంచి వచ్చిన అనూప్ రంజన్ పాండే, మూలనపడుతున్న వాద్యాలనూ వాటిని వాయించేవాళ్ళనూ పోగుచేసి బస్తర్ బ్యాండ్ కట్టాడు. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మంచి పని. బ్యాండ్ అనగానే నాయకుడి పేరు గుర్తుండటం లోకసహజం, అది ఆయన తప్పు కాదు. వెనక వరసలో కూర్చున్న మోహరి మనిషి పేరు రాసుకోవలసింది పిలిచినవాళ్ళు, రాసేవాళ్ళు, రికార్డు చేసేవాళ్ళు.

ఏదో ఒకరోజు ఒక పోలండ్ బృందమో, నార్వే బృందమో శాక్సఫోన్‌తో జగదల్‌పూర్‌లో దిగుతుందనే నా ఆశ. మోహరి పక్కన టెనర్ శాక్సఫోన్ నిలబడితే ఎవరు ఎవరికి దారి ఇవ్వాలనేది తేలిగ్గా తెగే పంచాయితీ కాదు. మోహరి స్వరస్థానాలు పియానో మెట్లకు లొంగవు. కాబట్టి సర్దుకోవలసింది వచ్చినవాడే. ‘వాష్కర్’ని రెండు రకాలుగా వాయించగలిగినవాళ్ళకు ఆ సర్దుబాటు చేతకాకపోదు. అప్పుడు అట్ట మీద ఎవరు ఆతిథేయి, ఎవరు అతిథి అనే లెక్క కూడా తిరగబడుతుంది.

అది జరిగేదాకా మన చేతిలో ఉన్న పని చూద్దాం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో బస్తర్ బృందాన్ని వేదిక ఎక్కించబోయే నిర్వాహకులు, ‘గిరిజన బీట్’ కోసం స్టూడియోకు పిలిపించే సంగీత దర్శకులు, యూట్యూబ్‌లో పాట పెట్టే కుర్రాళ్ళు ఒక్క కాగితం తీసుకోండి. మనిషి పేరు, ఊరు, వాద్యం, ఇచ్చిన డబ్బు, ముందు ముందు ఇవ్వాల్సిన వాటా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అందులోంచి మొదటి మూడూ కరపత్రం మీద, తెర మీద, వీడియో కింద వేయండి. పావుగంట పని. చట్టం ప్రదర్శకుడికి ఇచ్చిన హక్కు యాభై ఏళ్ళు ఉంటుంది. ఆ పావుగంట మనం బద్ధకిస్తే ఆ యాభై ఏళ్ళూ నష్టపోయేది ఆయన.

– శ్రోత