పేరు మారింది, తలుపు మారలేదు: బిలాస్‌పూర్ హైకోర్టు అప్పీలు చట్టం

"వలస పాలన నాటి చట్టాలను తొలగించి న్యాయవ్యవస్థను ఆధునికీకరించాలి" అనే వాక్యం మీ నోట్సులో ఉందా? నా నోట్సులోనూ ఉండేది. జీఎస్ పేపర్ 2లో కోర్టుల మీద ప్రశ్న వస్తే ముగింపుకి అదే వాడేవాణ్ణి. ఈమధ్యే కొట్టేశాను. ఎందుకో చెబుతాను. ఒప్పుకోకపోతే వాదించండి.

మేముండేది భిలాయిలో. మా వీధిలో ఒక బాబాయ్ కాంట్రాక్టు కార్మికుడు. పనిలోంచి తీసేస్తే లేబర్ కోర్టుకు వెళ్ళి గెలిచాడు. యాజమాన్యం బిలాస్‌పూర్ హైకోర్టుకు వెళ్ళింది. సింగిల్ జడ్జి ఆ తీర్పును కొట్టేశారు. ఇద్దరు జడ్జీల ముందు అప్పీలు వేద్దామని బాబాయ్ అడిగితే, "ఇది 227 కింద వచ్చిన ఆర్డరు. ఇక్కడ అప్పీలు లేదు, ఢిల్లీ వెళ్ళాలి" అన్నాడట వకీలు. బిలాస్‌పూర్‌కి రైల్లో మూడు గంటలు. ఢిల్లీకి దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ, ఆపైన అక్కడి వకీలు ఫీజు. బాబాయ్ అక్కడితో ఆగిపోయాడు.

ఇప్పుడు చట్టం చూద్దాం. మన ప్రాంతం ఒకప్పుడు నాగపూర్ హైకోర్టు కింద ఉండేది. 1936లో బ్రిటిష్ రాజు ఇచ్చిన లెటర్స్ పేటెంట్‌తో ఏర్పడిన కోర్టు అది. సింగిల్ జడ్జి తీర్పు మీద అదే కోర్టులో అప్పీలుకు అందులోని 10వ క్లాజు వీలిచ్చింది. కింది కోర్టులపై పర్యవేక్షణాధికారంతో ఇచ్చిన ఆర్డర్లకు మాత్రం అప్పీలు లేదంది. 1981లో మధ్యప్రదేశ్ శాసనసభ ఈ లెటర్స్ పేటెంట్ అప్పీళ్ళను రద్దు చేసింది. ఆ చట్టం చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు జంషెడ్ గుజ్దర్ కేసులో తేల్చింది. 2006లో ఛత్తీస్‌గఢ్ సొంతంగా డివిజన్ బెంచ్ అప్పీలు చట్టం తెచ్చుకుంది.

ఈ కొత్త చట్టం ఏమంది? సింగిల్ జడ్జి 226 కింద ఇచ్చిన తీర్పు మీద ఇద్దరు జడ్జీలకు అప్పీలు ఉంటుంది. 227 కింద, అంటే పర్యవేక్షణాధికారంతో ఇచ్చిన ఆర్డరు మీద ఉండదు. 1936 నాటి మినహాయింపే 2006లో మళ్ళీ వచ్చి కూర్చుంది. రాజుగారి కాగితం పోయింది, ఆయన వేసిన తాళం మిగిలింది. దీన్నేనా మనం ఆధునికీకరణ అని రాసేది?

ఆంధ్ర, తెలంగాణ మిత్రులు నవ్వుకోకండి. మీ దగ్గర రిట్ అప్పీళ్ళకు ఆధారం ఇప్పటికీ మద్రాసు హైకోర్టు 1865 లెటర్స్ పేటెంట్‌లోని 15వ క్లాజే. అందులోనూ ఇదే మినహాయింపు ఉంది.

మీరు ఒక అభ్యంతరం చెప్పొచ్చు: "పర్యవేక్షణ అప్పీలు కాదు కదా, దాని మీద మళ్ళీ అప్పీలేంటి? మెట్లు పెరిగితే ఆలస్యం పెరుగుతుంది." మంచి అభ్యంతరమే. కానీ లేబర్ కోర్టు ఇచ్చిన ఉద్యోగాన్ని ఒక్క జడ్జి తీసేస్తే, దానికి ఏ పేరు పెట్టినా ఆ కార్మికుడికి అది తుది తీర్పే. పిటిషన్ మీద ఏ ఆర్టికల్ నంబరు ఉందన్న దాన్ని బట్టి హక్కు ఉండటమో పోవటమో జరగకూడదు. 1986లో ఉమాజీ కేశవ్ మేశ్రామ్ కేసులో సుప్రీంకోర్టు కూడా, రెండు ఆర్టికల్స్ కిందికీ వచ్చే పిటిషన్‌ను అప్పీలు హక్కు పోకుండా 226 కిందిదిగానే చూడాలంది. ఇక ఢిల్లీ తలుపు ఉందంటారా? 136 కింద వినాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. దాన్ని హక్కు అనలేం.

ఆలస్యం భయానికి మందు ఉంది. కింది తీర్పును సింగిల్ జడ్జి తలకిందులు చేసినప్పుడు మాత్రమే, చట్టపరమైన ప్రశ్న మీద మాత్రమే, గడువు పెట్టి అప్పీలు ఇవ్వండి. 2006 చట్టానికి ఒక చిన్న సవరణ చాలు. హైకోర్టు లోపలి అప్పీళ్ళ మీద చట్టం చేసే అధికారం శాసనసభకు ఉందని 2005 తీర్పే చెప్పింది కాబట్టి, మా చేతుల్లో లేదన్న సాకు చెల్లదు.

కాబట్టి రేపు పరీక్షలో ఆ పాత వాక్యం రాయబోయే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ సంస్కరణ తర్వాత, ఓడిపోయినవాడు రెండోసారి తన మాట చెప్పుకోవడానికి ఎంత దూరం వెళ్ళాలి? జవాబు మారకపోతే, మారింది చట్టం పేరు ఒక్కటే.