ముందే వండాలా, అడిగాక వండాలా?

మన మెస్‌లో పులిహోర ముందే కలిపి ఉంచుతారు. హోటల్లో దోశ అడిగాకే వేస్తారు. వెబ్ సర్వర్ ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చడంలోనూ ఇవే రెండు పద్ధతులు.

జావాలో 1999లో వచ్చిన హాట్‌స్పాట్ రెండో రకం. ప్రోగ్రాం నడుస్తుండగా ఏ భాగం ఎక్కువసార్లు వాడుతున్నామో లెక్కపెట్టి, దాన్ని యంత్రభాషలోకి మార్చి పదును పెడుతుంది. అందుకే మొదట్లో నెమ్మది, పోను పోను వేగం. అదే జావాను ముందే కంపైల్ చేసే గ్రాల్‌వీఎం నేటివ్ ఇమేజ్ చిటికెలో మొదలవుతుంది, మెమరీ కూడా తక్కువే తింటుంది. కానీ కంపైల్ కావడానికి చాలాసేపు పడుతుంది. పైగా నడిచేటప్పుడు పేరుతో వెతికి తెచ్చుకునే క్లాసులేవో ముందే రాసివ్వాలి.

"ముందే కంపైల్ చేయడమే గొప్ప" అంటే మేము ఒప్పుకోం. నెలల తరబడి ఆగకుండా నడిచే పెద్ద సర్వర్‌కు హాట్‌స్పాటే మేలు. అయితే మా ప్రాజెక్టు 512 ఎంబీ అద్దె మెషీన్ మీద నడవాలి. మెమరీ పెంచితే అద్దె పెరుగుతుంది, అది మా స్కాలర్‌షిప్‌లోంచే కట్టాలి. అక్కడ ముందే కంపైల్ చేయడమే సరైనది.

కొత్తదని ఎగబడకుండా, పాతదని పారేయకుండా, రెండూ నడిపి కొలిచి చూద్దాం. మన అమ్మలు బియ్యం కొలిచాకే కదా ఎసరు పెట్టేది!