ఐదు శాఖల మంత్రి, ఒక్కటే అడిగిన ఓటరు

ఎం. వీరప్ప మొయిలీ కర్ణాటకలోని చిక్కబళ్లాపురం నుంచి మూడుసార్లు లోక్‌సభకు పోటీ చేశారు. 2009లో గెలిచారు. 2014లో దేశమంతా కాంగ్రెస్ కొట్టుకుపోయినా, బీజేపీ అభ్యర్థి బచ్చేగౌడపై 9,520 ఓట్లతో గట్టెక్కారు. 2019లో అదే బచ్చేగౌడ చేతిలో లక్షా 82 వేల తేడాతో ఓడిపోయారు. అదీ జేడీఎస్‌తో పొత్తు ఉండగా. మోదీ గాలి అనేస్తే సగం జవాబే. మిగతా సగం కోసం నీళ్ల కథలోకి వెళ్లాలి.

మొయిలీ ఇక్కడివారు కాదు. మూడబిదిరి దగ్గర పుట్టి, 1972లో కార్కళ ఎమ్మెల్యే అయ్యారు. సంఖ్యాబలం లేని దేవాడిగ కులస్థుడు అప్పటి ముఖ్యమంత్రి దేవరాజ్ అరసు మంత్రివర్గంలో చోటు సంపాదించి, 1992లో ముఖ్యమంత్రి కావడం చిన్న సంగతేమీ కాదు. క్యాపిటేషన్ ఫీజులు రాజ్యమేలుతున్న కాలంలో ఉమ్మడి ప్రవేశ పరీక్ష (సీఈటీ) తెచ్చిన పేరు ఆయనదే. 2006లో కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం సీట్ల అమలుపై వేసిన పర్యవేక్షణ సంఘానికీ ఆయనే అధ్యక్షుడు. అరసు బడిలో నేర్చుకున్న రాజకీయం అక్కడిదాకా చెక్కుచెదరలేదు.

2004లో మంగళూరు ఆయన్ని ఓడించింది. చిక్కబళ్లాపురంలో అప్పటికి ఆర్.ఎల్. జాలప్ప వరసగా నాలుగు ఎన్నికలు గెలిచి ఉన్నారు. ఆయనా వెనుకబడిన కులం నుంచి వచ్చినవారే, కేంద్రంలో జౌళి మంత్రిగా చేసినవారే. ఒక్కలిగల బలం ఉన్న సీటులో వెనుకబడిన కులాల లెక్క పనిచేస్తుందని కాంగ్రెస్‌కు తెలుసు, అందుకే 2009లో మొయిలీని అక్కడ నిలబెట్టింది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ వ్యవహారాల ఇన్‌చార్జి కూడా మొయిలీయే. తీరా గెలిచిన సీటులోని బాగేపల్లి ప్రాంతంలో ఇళ్లల్లో మాట్లాడేదీ తెలుగే. పక్కనున్న చింతామణిదీ అదే భాష, జిల్లా కూడా చిక్కబళ్లాపురమే. కానీ లోక్‌సభకొచ్చేసరికి అది కోలారు కింద లెక్క. అక్కడ 1991 నుంచి ఏడుసార్లు గెలిచిన కె.హెచ్. మునియప్ప కూడా 2019లోనే పడిపోయారు. కాబట్టి మోదీ గాలి లేదని ఎవరూ అనరు.

ఢిల్లీలో మొయిలీకి శాఖలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. న్యాయం, ఆ తర్వాత కంపెనీ వ్యవహారాలు. 2012 జులై 31న సగం దేశం చీకట్లో ఉన్న రోజే విద్యుత్ శాఖ అదనంగా చేతికొచ్చింది. అక్టోబరులో మన జైపాల్ రెడ్డిని తప్పించి పెట్రోలియం ఇచ్చారు. 2013 జూన్‌లో గ్యాస్ ధరను 4.2 డాలర్ల నుంచి దాదాపు రెట్టింపు చేసే సూత్రానికి కేంద్రం ఆమోదం తెలిపింది. మరుసటి ఫిబ్రవరిలో కేజ్రీవాల్ సర్కారు అంబానీతో పాటు మొయిలీపైనా కేసు పెట్టించింది. ఎన్నికల సంఘం అడ్డుకోవడంతో ఆ ధర అప్పట్లో అమలు కాలేదు. సబ్సిడీ సిలిండర్లు తొమ్మిది నుంచి పన్నెండైనదీ ఆయన హయాంలోనే. కానీ జనానికి గుర్తున్నది గ్యాస్ ధరే. అరసు శిష్యుడికి అతకని అధ్యాయమది.

బాగేపల్లికి ఇవేవీ పట్టలేదు. పెన్న, చిత్రావతి, పాపాగ్ని నంది కొండల వైపు పుట్టి ఆంధ్రకు పోతాయి. పరగోడు దగ్గర చిత్రావతికి అడ్డుకట్ట అంటే దిగువ నుంచి గొడవ. వెయ్యి అడుగులు దాటి బోరు దింపితే రిగ్గు లారీ చుట్టూ తెల్లటి దుమ్ము లేస్తుంది తప్ప తడి తగలదు. ఒకవేళ తగిలినా ఫ్లోరైడ్ నీళ్లే. అందుకే ఊరూరా ఆర్వో ప్లాంటు దగ్గర బిళ్ళ చేత్తో పట్టుకుని, క్యాను పెట్టుకుని వరస కడతారు.

ఈ కరువుకు మొయిలీ చూపిన మందు ఎత్తినహొళె. పడమటి కనుమల్లో పుట్టి నేత్రావతిలో కలిసే వాగుల నుంచి 24 టీఎంసీలు ఎత్తి తూర్పుకు మళ్లించాలి. అంటే, తాను పుట్టిన దక్షిణ కన్నడ నీళ్లను తనను గెలిపించిన జిల్లాకు తేవాలి. తీరంలో బంద్‌లు జరిగాయి, సొంత మనుషులే తిట్టిపోశారు. తాగునీటి పథకం అనడంతో పర్యావరణ అనుమతి అక్కర్లేకపోయింది. 2014 మార్చిలో, పోలింగుకు నెలన్నర ముందు, శంకుస్థాపన జరిగింది. ఆ 9,520 ఓట్ల మెజారిటీలో దాని పాలు ఉందనే నా నమ్మకం. సొంతూరి కోపాన్ని తలకెత్తుకున్న తెగువ కూడా ఒప్పుకోవాల్సిందే.

తెగువతో నీళ్లు రావు. నీటిపారుదల రాష్ట్రం చేతిలోది, మొయిలీ చేతిలోని ఐదు శాఖల్లో ఏదీ కాలువ తవ్వలేదు. 8,323 కోట్ల అంచనా 12,912 కోట్లకు, ఆపైన 23,251 కోట్లకు చేరింది. 2019లో ఓటరు ముందు శిలాఫలకం ఉంది, నీళ్లు లేవు. ఈలోగా కోలారు చెరువులకు, తర్వాత చిక్కబళ్లాపురం చెరువులకు వచ్చినవి బెంగళూరు మురుగును శుద్ధి చేసిన నీళ్లు. ఎత్తినహొళె తొలి దశ సకలేశపురం వైపు 2024 సెప్టెంబరులో మొదలైంది. ఆ ఏడాదే మొయిలీ మళ్లీ టికెట్ అడిగితే పార్టీ రక్షా రామయ్యకు ఇచ్చింది. లక్షా 63 వేల తేడాతో ఆయనా ఓడారు.