మన బాస్కెట్‌బాల్ జట్టు: ఈ యేటి ఆశలు

పోటీల కాలము సమీపించినకొలది మన పాఠశాలలో ఒక ప్రశ్న తప్పక వినవచ్చును: "ఈ యేడు మన జట్టు నిలుచునా?" వేపచెట్ల నీడలో అన్నము తినుచు పిల్లలు దీనినే అడుగుకొందురు, సాయంకాలము గేటుకడ బిడ్డలకొఱకు వేచియుండు తల్లిదండ్రులును దీనినే అడుగుదురు. ఈ యేడు ఆ ప్రశ్నలో కొంత దిగులు కూడ కలిసియున్నది. గడచిన రెండేండ్లు జట్టు పేరు నిలిపిన పెద్ద విద్యార్థులు ఏడుగురు పదవ తరగతి ముగించుకొని వెడలిపోయిరి. ఇప్పటి పన్నెండుగురిలో పదవ తరగతివారు ఇద్దఱే. తొమ్మిదవ తరగతివారు ఏడుగురు; తక్కిన ముగ్గురును ఎనిమిదవ తరగతి పిల్లలు. మేము ఆటగాండ్రము కాము. సాయంకాలము మెట్లమీద కూర్చుండి చూచువారము మాత్రమే. అయినను వేసవి మొదలుకొని ఈ పిల్లలను విడువక చూచుచున్నాము గనుక, మొదటి పోటీకి ముందే మా యభిప్రాయమును చదువరుల ముందుంచుట తప్పుగాదని తలంచుచున్నాము.

ఊరివారి యభిప్రాయము సులభమైనది. జట్టులో ఆఱడుగులు మీఱిన పదవ తరగతి బాలుడొకడు కలడు. బంతి ఎక్కడనున్నను మెట్లమీదినుండి "పొడుగోడికియ్యండ్రా!" అను కేక లేచును. ఆ బాలుని తండ్రి, పబ్లికు పరీక్షల సంవత్సరము గనుక కుమారుని ఆట మాన్పింపవలెనని యోచించుచున్నారు. దానిపై కొందఱు, "అతడు లేనిదే మనము పోటీకి పోవుటయే వ్యర్థము" అనుచున్నారు. ఈ మాటను మేము అంగీకరింపజాలము. ఈ జట్టు బలము పొడుగులో లేదు. ఒకరి చేతినుండి ఒకరి చేతికి బంతి నందించుటలో నున్నది. దీనిని నిరూపించుటకై ఆట పుట్టుకనుండియే ఆరంభింతుము.

1891 డిసెంబరు మాసమున అమెరికాలోని స్ప్రింగుఫీల్డు పట్టణములో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలయందు, జేమ్సు నైస్మిత్తు అను ఉపాధ్యాయుడు మంచు కాలమున లోపల ఆడుకొనుటకు ఈ ఆటను కల్పించెను. పీచు పండ్ల బుట్టలు రెండింటిని పది అడుగుల యెత్తున మేకులతో బిగించి, పదునెనిమిదిమంది విద్యార్థులను పక్షమునకు తొమ్మిదిమందిగా విభజించి ఆడించెను. ఆ మొదటి ఆటలో ఒకే యొక్క మాఱు బంతి బుట్టలో పడినదట. ఆయన వ్రాసిన పదుమూడు నియమములలో ముఖ్యమైనదేమనగా, బంతి పట్టినవాడు దానితో పరుగెత్తరాదు. పట్టిన చోటనుండియే విసరవలెను. బంతిని నేలకు కొట్టుచు పోవు పద్ధతి పిమ్మట వచ్చినది. కాగా, ఈ ఆటకు తల్లివేరు అందించుటయే. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వ్యాయామ విద్యకై వై.ఎం.సి.ఎ. కళాశాలను స్థాపించిన పిమ్మట, అచ్చట శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టర్లు దక్షిణదేశపు పాఠశాలలకు ఇట్టి ఆటలను తెచ్చిరి.

ఇక మన ఐదుగురి సంగతి. సెంటరు స్థానమున ఆ పొడుగు బాలుడే నిలువవలెను. పలకను తగిలి వెనుకకు వచ్చిన బంతి నందుకొనుటలో అతనికి సాటి లేరు. కాని అందుకొన్న వెంటనే బంతిని నడుము వఱకు దించును. అంతట పొట్టివారు దానిని లాగుకొని పోవుదురు. బంతిని తలకు మీదుగనే నిలుపుకొనుట నేర్చినయెడల అతని విలువ రెట్టింపగును. తొందరపడి ఫౌలులు చేయు అలవాటును మానవలెను. ఐదు ఫౌలులైనచో ఆట విడువవలెను గదా!

ఫార్వర్డులు ఇరువురును తొమ్మిదవ తరగతివారు. ఒకడు ఎడమచేతివాటము గలవాడు. అతడెటు తిరుగునో ఎదుటివారికి తెలియదు, ఒక్కొక్కప్పుడు అతనికిని తెలియదు. రెండవవాడు రొయ్యల గుంటల కావలివాని కుమారుడు; మాట తక్కువ, పరుగు ఎక్కువ. ఎదుటిపక్షములో మిక్కిలి బలవంతుని కాచుటకు ఇతనినే నియమింపవలెను. గార్డులలో ఒకడు తొమ్మిదవ తరగతి నాయకుడు. ఆటలోను తరగతిలోను తొందరలేనివాడు.

ఐదవ స్థానమును గూర్చియే వివాదము. పదవ తరగతివాడైన రెండవ విద్యార్థి దూరమునుండి చక్కగా వేయగలడు. వయస్సునుబట్టి స్థానము తనదని అతడు తలంచుట సహజము. మేమైతే ఎనిమిదవ తరగతిలోని చిన్న బాలుని నిలుపవలెనని చెప్పుదుము. అతడు మైపాడు దిక్కున సముద్రపుటొడ్డు పాళెమునుండి వచ్చు మత్స్యకారుల బిడ్డ. ఎత్తున అందఱికంటె తక్కువ. కాని బంతి చేతికి రాకమునుపే అది ఎవనికి పోవలెనో అతని కన్ను నిర్ణయించియుండును.

ఈ నేర్పు అతనికెట్లు అబ్బినదని మేము విచారించితిమి. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు మన తూర్పుతీరమున మరపడవల వేట నిషేధింపబడును. ఆ అఱువదియొక్క దినములు పడవలు ఒడ్డున నుండును. వేసవి సెలవులును అప్పుడే. పాళెపు పిల్లలు ఇసుకలో వెదురుగడకు ఇనుప చట్రము కట్టి ఆడుకొందురు. ఇసుకలో బంతిని నేలకు కొట్టిన లేవదు. కావున పట్టుట, విసరుట, మఱల ఖాళీ చోటికి పరుగెత్తుట, ఇవియే వారి ఆట. నైస్మిత్తు వ్రాసిన నియమము వారెఱుగరు. అయినను ఇసుక వారికి ఆ పాఠమునే నేర్పినది. ఇసుకలో పరుగెత్తిన కాలికి సిమెంటు నేల తేలికగా నుండుట వేఱు లాభము.

వానలనుగూడ లెక్కింపవలసియున్నది. మన నెల్లూరు సీమకు వర్షము హెచ్చుగా ఈశాన్య ఋతుపవనములవలననే కలుగును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఏ దినమున ఆటస్థలము తడియునో చెప్పలేము. బాస్కెట్‌బాల్ ఒలింపిక్సులో ప్రవేశించిన 1936వ సంవత్సరమున, బెర్లిను నగరములో ఆటలు బయట మట్టియు ఇసుకయు కలిసిన నేలపై జరిగినవి. అంతిమ పోటీ దినమున వాన కురిసి నేల బురదయైనది, బంతి లేవలేదు. అమెరికా జట్టు కెనడాపై 19-8 తో గెలిచినది. నేడు ఒక్క పావుభాగములోనే ఇరువది దాటు ఆటలో ఆనాటి మొత్తము పంతొమ్మిదే! తడినేలపై ఒంటరిగా బంతి కొట్టుకొనిపోవువాడు జాఱిపడును, అందించువాడు నిలుచును. వానకాలమున ఆడవలసిన మన జట్టుకు ఇది మఱవరాని సంగతి.

"ఒక్క గొప్పవాడున్న చాలును" అనువారికి రెండు దృష్టాంతములు చెప్పుదుము. 2004లో ఏథెన్సు ఒలింపిక్సునకు అమెరికా తన పేరుగల వృత్తి ఆటగాండ్రను పంపినది. ఆ జట్టు మొదటి ఆటలోనే చిన్న ద్వీపమైన ప్యూర్టో రికో చేతిలో 73-92 తో ఓడి, తుదకు కాంస్య పతకముతో తృప్తిపడవలసివచ్చెను. చాలకాలము కలిసి ఆడిన అర్జెంటీనావారు స్వర్ణము గొనిపోయిరి. రెండవది మన తెలుగువారి సంగతియే. ప్రో కబడ్డీ పదవ యేడు, 2023-24లో, తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావతును రెండుకోట్ల అఱువది లక్షల రూపాయలకు పైగా నిచ్చి కొనినది. అతడు కూతకు పోయినప్పుడెల్ల మనమందఱము ఊపిరి బిగబట్టి చూచితిమి. అతని శక్తికి లోటు లేదు. అయినను ఇరువదిరెండు పోటీలలో ఆ జట్టు గెలిచినవి రెండే. పండ్రెండు జట్లలో కడపటిది. ఒకరి భుజముమీద ఏడుగురి బరువు పెట్టిన భుజమైనను కుంగును.

మన జట్టు లోపములను దాచుట స్నేహము కాదు. ఫ్రీ త్రో వేయుటలో మనవారు మిక్కిలి వెనుకబడియున్నారు. పలకకు 4.6 మీటర్ల దూరముననున్న గీతనుండి, అడ్డువచ్చువాడెవడును లేక వేయవలసిన బంతి, పదింట సగమైన పడుట లేదు. దీనికి పొడుగు అక్కఱలేదు, బలము అక్కఱలేదు. దినమునకు అరగంట ఓపిక చాలును. రెండవ లోపము, పిల్లలు ఆటస్థలమున నోరు విప్పకుండుట. వెనుకనుండి ఎదుటివాడు వచ్చుచుండ చూచియు తోడివానిని హెచ్చరింపరు. తరగతిలో మాటలాడవద్దని చెప్పు మేమే ఇచ్చట మాటలాడుడని వేడుకొనుచున్నాము.

ఇక పెద్దలకు మనవి. పొడుగు బాలుని తండ్రిగారి భయము న్యాయమైనదే. పరీక్ష మఱల మఱల వచ్చునది కాదు. కాని ఆటకు పది నిమిషముల పావుభాగములు నాలుగు కలవు. అతడు రెండు భాగములు ఆడి, రెండు భాగములు తొమ్మిదవ తరగతివానికి విడిచినచో, అభ్యాసమునకు వారమునకు మూడు దినములు చాలును. తక్కిన సాయంకాలములు చదువునకు మిగులును. దీనివలన వచ్చు సంవత్సరపు సెంటరు ఇప్పుడే తయారగును. స్థానము కోల్పోవు రెండవ పదవ తరగతి విద్యార్థికి ఒక మాట: మొదటి ఐదుగురి కాళ్లు అలసిన వేళ లోపలికి వచ్చి దూరమునుండి బంతి వేయువాడే అనేక పోటీలను గెలిపించును. బల్లమీద కూర్చుండుట అవమానము కాదు. అది తన వంతుకై కాచుకొనియుండుట.

పాళెపు బాలుని చిక్కు వేఱు. అతని తండ్రి ఒకనాడు మాతో, "ఆట సరే అయ్యా, ఆట అయ్యేతలికి మా వూరి బస్సు పోతాదే!" అనిరి. ఈ ప్రశ్నకు మావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. చీకటిపడిన పిమ్మట పండ్రెండేండ్ల బాలుని ఉప్పుకాలువ గట్టు వెంట నడిపించు హక్కు ఏ ఆటకును లేదు. అభ్యాసమును ప్రాతఃకాలమునకు మార్చుట ఒక్కటే దీనికి మార్గమని మాకు తోచుచున్నది. ఉదయపు బస్సు బడిగంటకు చాల ముందే వచ్చును; ఆ పిల్లలు ఇప్పుడా సమయమును మెట్లమీద ఊరక గడుపుచున్నారు. దీనివలన పట్టణపు పిల్లలు ఒక గంట ముందుగా మేల్కొనవలసియుండును. బస్సెక్కి దూరమునుండి వచ్చువానికొఱకు దగ్గఱనున్నవాడు ఒక గంట నిద్ర మానుట, బంతి నందించుటవంటిదే గదా! ఉపాధ్యాయులును పాలకవర్గమువారును దీనిని దయతో ఆలోచింపవలెనని ప్రార్థించుచున్నాము.

ఈ యేడు గెలుతుమా? మా లెక్క దాచక చెప్పుదుము. మొదటి పోటీలలో, మనకంటె పెద్దలైన పట్టణపు జట్లచేతిలో ఒకటి రెండు మాఱులు ఓడుదుము. వానలు ముదిరి, పిల్లలు ఒకరినొకరు ఎఱిగినకొలది గెలుపులు వచ్చును. ఈ యేడు కప్పు ఇంటికి రాకపోవచ్చును. కాని ఈ ఐదుగురిలో నలుగురు మఱుసటి యేడును ఇచ్చటనే యుందురు. విత్తిన యేడే కాయలు కోయగోరువాడు మామిడి నాటరాదు.

1840లో శామ్యూలు డే నెల్లూరికి వచ్చి నెలకొల్పిన మిషనును, ఫలితములు కొలదియని చూచి అమెరికాలోని పెద్దలు మూసివేయ జూచిరి. 1853 నాటి సభలో, పటముమీద ఒంటరిగా నున్న చుక్కను చూపి దానిని "ఒంటి నక్షత్రము" అనిరి. ఆ చుక్కను చెఱిపివేయక ఓపికపట్టినందుననే ఈ సీమలో పిమ్మటి బడులును ఆసుపత్రులును ఏర్పడినవి. పటముమీది ఒంటి చుక్కకు ఓపిక కావలసివచ్చినది. మన జట్టుకును అదే కావలెను. ఆటస్థలమున మాత్రము ఒంటి నక్షత్రము పనికిరాదు, ఐదును వెలుగవలెను.

కావున మెట్లమీది మిత్రులారా, ఈ యేడు మన కేకను కొంచెము మార్చుకొందము. "పొడుగోడికియ్యండ్రా" అనుటకు మాఱుగా, ఖాళీగా నున్నవానికి ఇయ్యుడని కేకవేయుదము. పిల్లలు తక్కినది చూచుకొందురని మా నమ్మకము.