తప్పు చేసే చోటు

కోటి రూపాయల కారు కొన్నవాళ్లకు ఆ కారు ఎలా నడపాలో నేర్పే బడి ఒకటుంటుందని భిలాయ్‌లో పుట్టి పెరిగిన నాకు నలభై ఎనిమిదేళ్లకు తెలిసింది. సెక్టార్ స్కూల్లో నాతో చదివిన స్నేహితుడొకడు ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉంటాడు. జర్మన్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. కంపెనీవాళ్లు ఒకరోజు శిక్షణ ఇస్తున్నారు, తోడు ఒకరిని తెచ్చుకోవచ్చు, రమ్మన్నాడు. నేను ఫిజిక్స్ చెప్పే మాస్టారిని. నాకు కార్ల మోజు లేదు గానీ బ్రేకు మీద, ఘర్షణ మీద ఆసక్తి ఉంది. వెళ్లాను. అక్కడ విన్న ఒక్క మాట నన్ను ఇంతవరకూ వదల్లేదు.

శిక్షణ జరిగింది గ్రేటర్ నోయిడాలోని బుద్ధ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో. ఆ పేరు దగ్గర మన పాఠకులు కాస్త ఆగాలి. సర్క్యూట్ ఉన్న గౌతమ బుద్ధ నగర్ జిల్లాను 1997లో మాయావతి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. 2011 అక్టోబరు 30న దేశంలో మొదటి ఫార్ములా వన్ పోటీ ఇక్కడే జరిగింది. గెలిచిన సెబాస్టియన్ వెటెల్‌కు ట్రోఫీ ఇచ్చింది కూడా ఆమే. హెర్మన్ టిల్కే డిజైన్ చేసిన ఈ ట్రాక్ పొడవు ఐదు కిలోమీటర్ల పైచిలుకు, మలుపులు 16. 2013 తర్వాత ఫార్ములా వన్ మళ్లీ ఇటు రాలేదు. ఇప్పుడు ఇలాంటి శిక్షణలకు అద్దెకిస్తున్నారు.

చెప్పిన పాఠాలు మంచివే, ఆ మాట ఒప్పుకోవాలి. సీటులో ఎలా కూర్చోవాలి, గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట చేతులు ఎందుకు ఉండాలి, మలుపులో కళ్లు ఎక్కడ ఉండాలి. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. టైరుకు నేల మీద ఉండే పట్టు ఒక్కటే. దాన్నంతా బ్రేకుకే ఖర్చుపెడితే తిరగడానికి ఏమీ మిగలదు. యాభైలో ఉన్న బండి కంటే వందలో ఉన్న బండిని ఆపడానికి నాలుగింతల శక్తిని చల్లార్చాలి. ఇదంతా నేను పదకొండో తరగతికి బోర్డు మీద చెప్పేదే. ఒంటికి తెలియడం మాత్రం అదే మొదటిసారి.

మధ్యాహ్నం నేల తడిపి, దాని మీద బండిని కావాలని జారేలా చేయించారు. వెనక చక్రాలు ఎటు జారితే స్టీరింగ్ అటే తిప్పాలి. భయంతో ఎదురు తిప్పితే బండి గిరగిరా తిరుగుతుంది. ఒక వ్యాపారి బండి రెండు చుట్లు తిరిగి కంకరలోకి వెళ్లి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్‌స్ట్రక్టర్ నవ్వుతూ అన్నాడు: "ఇక్కడ తప్పు చేయండి. తప్పు చేయడానికే ఈ చోటు కట్టారు."

అది ఊరికే అన్నమాట కాదు, నిజంగానే అందుకే కట్టారు. మలుపుల బయట వెడల్పుగా వదిలిన ఖాళీ, కొన్ని చోట్ల కంకర, దాని వెనక టైర్ల గోడ. దీన్ని రన్-ఆఫ్ అంటారు. డ్రైవర్ ఎప్పుడో ఒకప్పుడు తప్పు చేస్తాడని ముందే ఒప్పుకుని, ఆ తప్పు ప్రాణం మీదికి రాకుండా నేల మీదే ఏర్పాటు చేయడం. ప్రపంచంలో అత్యంత నైపుణ్యం గల డ్రైవర్లు తయారయ్యేది ఇలాంటి చోట్లే. వాళ్లు తప్పు చేయనివాళ్లని కాదు, చేసి మళ్లీ సీటులో కూర్చోగలిగినవాళ్లు కాబట్టి.

ఆ కార్లు కొన్నింటిని రాత్రికి రాత్రి లారీల మీద తెచ్చిన డ్రైవర్లు బయట పార్కింగ్‌లో పడుకుని ఉన్నారు. మన భాషలో, మన దేశంలో 'డ్రైవర్' అంటే నౌకరు. అదే పని సరదాకు, వేగంగా, సొంత బండిలో చేస్తే 'రేసర్'. కులం అంటే కేవలం పనుల విభజన కాదు, పనిచేసేవాళ్ల విభజన కూడా అని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పింది స్టీరింగ్ దగ్గర కూడా కనిపిస్తుంది. చట్టంలోనూ కనిపిస్తుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఎనిమిదో నిబంధన ప్రకారం, 2019లో తీసేసేదాకా, రవాణా వాహనం నడిపే లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. సొంత కారుకు ఏ చదువూ అక్కర్లేదు. సొంత కారు లైసెన్సు ఇరవై ఏళ్లు చెల్లేది, రవాణా లైసెన్సు మూడేళ్లే. నలుగురినీ ఎక్కించుకునే బండికి జాగ్రత్త ఎక్కువ ఉండాలనేది న్యాయమే. అలాంటప్పుడు ఐదు వందల గుర్రాల ఇంజను ఉన్న కారుకూ చిన్న మారుతి కారుకూ ఒకే లైసెన్సు ఎందుకు? చట్టానికి యజమాని మీద నమ్మకం, కూలికి నడిపేవాడి మీద అనుమానం.

మా నాన్నది బొబ్బిలి పక్క పల్లె, మాలపేట. 1972లో భిలాయ్ స్టీల్ ప్లాంటులో ఖలాసీగా చేరాడు. తర్వాత స్టీల్ మెల్టింగ్ షాపులో క్రేన్ ఆపరేటరయ్యాడు. కరిగిన ఉక్కు నిండిన లేడిల్ తీగల మీద వేలాడుతూ ఉంటుంది. క్రేన్ ఆగగానే అది లోలకంలా ఊగుతుంది. ఊపును ఆపాలంటే లేడిల్ ఎటు ఊగుతోందో క్రేన్‌ను అటే, సరిగ్గా ఆ క్షణాన, కొద్దిగా కదిలించాలి. ఎదురు కదిలిస్తే ఊపు పెరుగుతుంది. జారే కారును పట్టుకునే సూత్రమూ ఇదే. నోయిడాలో తడి నేల మీద నా చేతులు దాన్ని నేర్చుకుంటుంటే నాకు గుర్తొచ్చింది నాన్న కుడి చేయి. అన్నం తింటూ కూడా గిన్నెను ఒక పక్కకు మెల్లగా జరిపి ఆపే అలవాటు ఆ చేతికి.

ఆయనకు ఆ పని నేర్పిన బడి లేదు. పాత ఆపరేటర్ వెనక నెలల తరబడి నిలబడి చూశాడు. కింద మనుషులుంటారు కాబట్టి తప్పు చేసి నేర్చుకునే వీలే లేదు. ఆ నైపుణ్యానికి 'హై పెర్ఫార్మెన్స్' అని ఎవరూ పేరు పెట్టలేదు. భిలాయ్ ప్లాంటులో 2014 జూన్ 12న గ్యాస్ లీకై ఆరుగురు, 2018 అక్టోబరు 9న గ్యాస్ పైపులైన్ పేలి పది మందికి పైగా చనిపోయారు. ఏ కర్మాగారంలోనైనా ప్రమాదం జరిగితే బయట జనం నోటికి తొందరగా వచ్చే మాట 'వర్కర్ నిర్లక్ష్యం'. కంకర ఎందుకు పరచలేదని అడిగేవాళ్లు తక్కువ.

అయినా ఆ తరానికి ప్లాంటే ఒక రన్-ఆఫ్. క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు బడి, రిజర్వేషన్. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ ప్యారీ 1990ల నుంచి భిలాయ్‌లో పరిశోధన చేశాడు. ప్లాంటులో సత్నామీల గురించి 1999లో రాసిన వ్యాసం శీర్షికలో రిజర్వేషన్‌కు 'రెండు జేజేలు' పలికాడు. మూడోది ఎందుకు పలకలేదో ఆ వ్యాసం చదివి వాదించుకోవలసినదే. నా లెక్కలో మూడో జేజే పోయింది కాంట్రాక్టు గేటు దగ్గర. 1980లతో పోలిస్తే రెగ్యులర్ కార్మికులు సగం కంటే తగ్గిపోయారు. కాంట్రాక్టు కూలీకి రిజర్వేషన్ లేదు, క్వార్టరు లేదు.

భిలాయ్ తెలుగు దళితులకు ఇంకో చిక్కు ఉంది. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, ఒక రాష్ట్రం నుంచి వలస వెళ్లిన ఎస్సీ, ఎస్టీలు కొత్త రాష్ట్రంలో ఆ హోదా కోరలేరు. ఖుర్సీపార్‌లో పుట్టి, హిందీలో చదివి, ఛత్తీస్‌గఢీలో తిట్లు తిని పెరిగిన పిల్లవాడు రాష్ట్ర కాలేజీ సీటు దగ్గరికి వచ్చేసరికి జనరల్ అవుతాడు. అంటరానితనానికి రాష్ట్ర సరిహద్దు అడ్డు రాలేదు, సర్టిఫికెట్‌కు మాత్రం వచ్చింది.

ఇక భిలాయ్‌కు పేరు తెచ్చిన కోచింగ్ సంగతి. ఇక్కడ 'డ్రాప్' అనేది ఇంటింటి మాట. ఇంటర్ అయ్యాక ఒక ఏడాది ఆగి ఐఐటీకి మళ్లీ రాయడం. నా స్నేహితుడు మొదటిసారి రాయలేకపోయాడు, డ్రాప్ తీసుకున్నాడు, రెండోసారి మంచి ర్యాంకు వచ్చింది. వాళ్ల నాన్న ఆఫీసరు, ఏడాది కూర్చోబెట్టి చదివించగలిగాడు. అందులో తప్పేమీ లేదు. మా వీధిలో అంతే తెలివైన కుర్రాడు మొదటిసారి పోగానే రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు పనికి వెళ్లాడు. ఆ ఏడాది కంకర ఒకరికి దొరికింది, ఇంకొకరికి దొరకలేదు. తర్వాత దానికి ప్రతిభ అని పేరు పెట్టారు.

ఇది చదువుతున్న విద్యార్థులు తమ క్యాంపస్‌లో ఈ లెక్క వేసి చూడండి. బ్యాక్‌లాగ్ పడితే ఇంటి నుంచి డబ్బు వచ్చేది ఎవరికి? సింగిల్ అటెంప్టులోనే గట్టెక్కాల్సింది ఎవరు? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములకు నెలల తరబడి ఫెలోషిప్ అందలేదు. పరిశోధన విద్యార్థికి ఫెలోషిప్ ఆగడమంటే మలుపు బయట నేల తవ్వేయడమే. మొదటి తరం విద్యార్థి ఒక సెమిస్టర్ తప్పితే అది అతని కులం ఖాతాలో పడుతుంది. మిగతావాళ్లు తప్పితే 'ఆరోగ్యం బాగాలేదు'. అధ్యాపకులకూ ఒక మాట: నేను బోర్డు ముందు నిలబడేవాణ్ణే, తప్పు సమాధానం చెప్పిన పిల్లవాడి వైపు క్లాసు ఎలా తిరుగుతుందో రోజూ చూస్తాను. చప్పట్లు ఎవరికీ వినపడవు.

కార్ల సరదాలోకి కులాన్ని ఎందుకు లాగుతావని నా స్నేహితుడే అడిగాడు. నాకు ఆ బడి మీద కోపం లేదు, ఆ బడి అందరికీ కావాలనే కోరిక. రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. బతుకుతెరువు కోసం రోజంతా చక్రం పట్టుకునేవాడికే జారే నేల మీద శిక్షణ ముందు కావాలి. ప్లాంటుకు లారీలు తిప్పే కాంట్రాక్టర్ల టెండర్లలో ఆ షరతు పెట్టమని కార్మిక సంఘాలు అడగవచ్చు, మన విద్యార్థి సంఘాలు వాళ్లతో కలిసి అడగవచ్చు.

ఇప్పటికి ఖుర్సీపార్ కుర్రాడికి హెవీ లైసెన్సు దారి ఒక్కటే. రెండు మూడేళ్లు లారీ క్లీనర్‌గా తిరగాలి, డ్రైవర్‌కు నిద్ర వచ్చినప్పుడు చక్రం దొరకాలి. బ్రేకు తొక్కినా ఆగని నేలను అతను మొదటిసారి చూసేది జీఈ రోడ్డు మీద, వానలో, వెనక ఇరవై టన్నుల వైర్ రాడ్‌తో.